పాత హోటల్ బిల్డింగుల్ని కూల్చకుండా హాస్టళ్లుగా మార్చుకుందాం

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య ఏ సిటీలో చూసినా పాత హోటళ్లు మూతపడటం, కొన్నాళ్లకి చుట్టూ రేకులు కొట్టి లోపలికి మెషిన్లు దింపేయటం మామూలైపోయింది. దానిమీద పేపర్లో వార్త వచ్చిందంటే అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తున్నాయి, గజం ఎంత పలికింది అనేదే ఉంటోంది, ఉన్న బిల్డింగ్ ని ఇంకోలా వాడుకోవచ్చా అని అడిగినవాళ్లు కనపడట్లేదు. నేను పాత కాంక్రీట్ బిల్డింగులకి స్ట్రక్చరల్ ఆడిట్లు, అంటే బిల్డింగ్ ఎంత గట్టిగా ఉందో చూసే పరీక్షలు, చేసే ఇంజనీర్ ని. 1960ల్లో, 70ల్లో కట్టిన హోటళ్లు, అంటే గోపురాలూ కమానులూ లేకుండా సాదాగా పిల్లర్లు, స్లాబులు, సన్‌షేడ్లు, జాలీ గోడలతో కట్టిన మోడరన్ బిల్డింగులు ఉంటాయే, వాటిని నిలబెట్టి వేరే పనికి మార్చుకోవటం జనం అనుకున్నంత కష్టం కాదు. పైగా పర్యావరణం లెక్కలో చూస్తే కూల్చి కట్టటం కంటే అదే ఎంతో మేలు. ఈ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నా, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

ఢిల్లీలో అక్బర్ హోటల్ అని ఒకటి ఉండేది, చాణక్యపురిలో, ఎంబసీలు ఉండే ఏరియాలో. 1965-69 మధ్య కట్టారు. ఆర్కిటెక్ట్ శివనాథ్ ప్రసాద్, స్ట్రక్చర్ డిజైన్ మహేంద్ర రాజ్ ది. మహేంద్ర రాజ్ అంటే మా ఫీల్డ్ లో తెలియనివాళ్లు ఉండరు, ప్రగతి మైదాన్ లో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ హాల్ కి కూడా ఆయనే ఇంజనీర్. వీళ్లిద్దరూ కలిసే మండీ హౌస్ దగ్గర నాటకాలు ఆడే శ్రీరామ్ సెంటర్ కూడా కట్టారు. ప్రసాద్ గారి మీద చండీగఢ్ ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ప్రభావం చాలా ఎక్కువ, అక్బర్ హోటల్ చూడగానే అది తెలిసిపోతుంది, కింద వెడల్పుగా పరుచుకున్న తక్కువ ఎత్తు పోడియం, దాని మీద పలకలా నిలబెట్టిన పొడుగాటి స్లాబ్ బ్లాక్, పూత లేకుండా అలాగే వదిలేసిన కాంక్రీట్. కేంద్ర ప్రభుత్వ టూరిజం సంస్థ ఐటీడీసీ వాళ్లు నడిపారు, 1980ల్లోనే హోటల్ గా మూతపడింది.

మూతపడింది కదా అని కూల్చలేదు, నేను చెప్పాలనుకున్నది ఇదే. పేరు అక్బర్ భవన్ అయింది, విదేశాంగ శాఖ ఆఫీసులు వచ్చాయి. తర్వాత సార్క్ దేశాలు కలిసి పెట్టుకున్న సౌత్ ఏషియన్ యూనివర్సిటీ 2010లో జేఎన్‌యూ క్యాంపస్ లో మొదలై అక్కణ్ణుంచి ఈ బిల్డింగ్ లోకే మారింది, 2023లో మైదాన్ గఢీలో సొంత క్యాంపస్ కి వెళ్లేదాకా ఏళ్ల తరబడి ఇక్కడే నడిచింది. క్లాసులూ ఇక్కడే, హాస్టలూ ఇక్కడే. ఒకప్పుడు గెస్టులకి టీ ట్రేలు వెళ్లిన కారిడార్లలో నేపాల్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరిగారు. హోటల్ కోసం పోసిన పిల్లర్లు, స్లాబులు ఒక ప్రభుత్వ శాఖకి పనికొచ్చాయి, ఒక యూనివర్సిటీకి పనికొచ్చాయి. కొత్తగా పునాది తవ్వలేదు.

అదే ఢిల్లీలో, అదే ఐటీడీసీకి లోధీ హోటల్ అని ఇంకొకటి ఉండేది, 2002లో పెట్టుబడుల ఉపసంహరణలో అమ్మేశారు, కొన్నవాళ్లు దాన్ని కూల్చి లగ్జరీ హోటల్ కట్టుకున్నారు. జనపథ్ హోటల్ ని 2017లో మూసి ప్రభుత్వ ఆఫీసులకి ఇచ్చారు. ఒకే సంస్థ, ఒకే ఊరు, ఒకటి మట్టిలో కలిసింది, రెండు నిలబడ్డాయి. బిల్డింగ్ గట్టిదా కాదా అన్నదానికంటే దాని గురించి నిర్ణయం ఎవరి చేతిలో పడింది అన్నదే దాని ఆయుష్షు తేలుస్తోంది, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

ఇప్పుడు హోటలే ఎందుకు అంత తేలిగ్గా మారుతుంది అంటున్నానో చెప్తా. హోటల్లో వరసగా గదులుంటాయి, ప్రతి గదికీ బాత్రూం, రెండు బాత్రూంల మధ్య పైపులు దిగే డక్ట్, మధ్యలో కారిడార్, చివర్లో మెట్లు. ఒక ఆఫీస్ బిల్డింగ్ ని మనుషులు ఉండేలా మార్చాలంటే మొదటి తలనొప్పి నీళ్ల లైన్లు, డ్రైనేజీ లైన్లే, ప్రతి అంతస్తులో స్లాబుకి చిల్లులు పెట్టాలి, మధ్యలో పడిన గదులకి కిటికీ ఉండదు, గాలీ వెలుతురూ రాదు. హోటల్లో ఇవన్నీ ముందే ఉన్నాయి కాబట్టి లేడీస్ హాస్టల్, స్టూడెంట్ హాస్టల్, నర్సుల క్వార్టర్స్, వృద్ధాశ్రమం లాంటి వాటికి గోడ కదపకుండా సరిపోతుంది. హైదరాబాద్ లో ఇవి ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లో ఒక్కో పీజీ గదిలో మంచానికి మంచం ఆనించి నలుగురైదుగుర్ని పెడుతున్నారు. అశోక్ నగర్ లో గ్రూప్స్ కి ప్రిపేరయ్యే పిల్లలదీ అదే పరిస్థితి. ఇక నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల బయట పేషెంట్ల తాలూకు వాళ్లు ఫుట్‌పాత్ ల మీద దుప్పట్లు పరుచుకుని పడుకోవటం మనందరం రోజూ చూసేదే. మరోపక్క స్టేషన్ల చుట్టుపక్కల నలభై, యాభై ఏళ్ల నాటి లాడ్జీలు, హోటళ్లు సగం ఖాళీగా, కొన్ని పూర్తిగా తాళాలేసి ఉంటాయి. నాంపల్లి, కాచిగూడ, విజయవాడ గాంధీనగర్ వైపు వెళ్లి తలెత్తి చూడండి.

అయితే ఏ హోటల్ ని అయినా ఏ పనికైనా వాడేయొచ్చు అని నేను అనట్లేదు. ఉదాహరణకి లైబ్రరీ. హోటల్ గది స్లాబుని చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్ల బరువు, అంటే సుమారు 200 కేజీలు, లెక్కేసుకుని డిజైన్ చేస్తారు. క్లాస్‌రూమ్ కి 3 కావాలి. పుస్తకాల ర్యాకులు పెట్టే స్టాక్ రూమ్ కి బిల్డింగ్ మీద పడే బరువుల లెక్క చెప్పే ఐఎస్ 875 కోడ్ ప్రకారం కనీసం 6 కావాలి, ర్యాకు ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అంటే నాలుగో అంతస్తులో ఉన్న బెడ్‌రూములు తీసేసి పుస్తకాలు నింపితే స్లాబు మీద మూడు రెట్ల బరువు పెట్టినట్టు. అందుకని పుస్తకాలు, రికార్డులు, క్యాంటీన్, జనం గుమిగూడేవి ఏవైనా కింద లాబీలోకి, బాంకెట్ హాల్ లోకి వెళ్లాలి, పైన మనుషులు పడుకోవాలి. ఓపెన్ ఆఫీస్ కావాలనుకుంటే ఇంకో చిక్కు, గదుల మధ్య గోడలు కొన్ని హోటళ్లలో బరువు మోసే గోడలే, వాటిని తీయటానికి లేదు, పైగా గదుల అంతస్తులు ఎత్తు తక్కువ, ఏసీ డక్టులు వేసి ఫాల్స్ సీలింగ్ కొడితే తల తగిలేట్టు ఉంటుంది. బిల్డింగ్ ఏ పనికి ఒప్పుకుంటుందో ముందు అది చూసి తర్వాత ఏం చేయాలో ఆలోచించాలి. మన దగ్గర ముందు ఏం కావాలో రాసేసుకుని, బిల్డింగ్ దానికి సరిపోలేదు కాబట్టి పనికిరాదు అని తేల్చేస్తున్నారు.

పర్యావరణం మాట ఎత్తాను కాబట్టి ఒక మోటు లెక్క చెప్తా, ఏ మేస్త్రిని అడిగినా ఈ అంకెలు చెప్తారు. చదరపు అడుగుకి సుమారు 0.4 బస్తా సిమెంట్, 4 కేజీల స్టీలు. లక్ష చదరపు అడుగుల హోటల్ అంటే 40 వేల బస్తాలు, అంటే 2 వేల టన్నుల సిమెంట్, 400 టన్నుల స్టీలు. సిమెంట్ తయారు చేయాలంటే సున్నపురాయిని పెద్ద బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాల్చాలి, అందులో బొగ్గు మండి వచ్చే పొగ ఒక ఎత్తు, ఆ రాయి లోపలే ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావటం ఇంకో ఎత్తు. సగానికి పైగా ఈ రెండోదే, దాన్ని సోలార్ పెట్టి ఆపలేం. టన్ను సిమెంట్ కి 600 కేజీల పైనే, టన్ను స్టీలుకి మన దేశంలో రెండున్నర టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అన్నీ కలిపితే ఆ ఒక్క బిల్డింగ్ అస్థిపంజరానికే 2 వేల టన్నులు దాటుతుంది. అది యాభై ఏళ్ల కిందటే గాల్లో కలిసిపోయింది, తిరిగిరాదు. కూలిస్తే అంతా మళ్లీ ఖర్చు పెట్టాలి, అసలు కొత్తది పాతదానికి మూడు నాలుగు రెట్లు కడతారు కాబట్టి అంతకంటే ఎక్కువే పెట్టాలి. ఆ సున్నపురాయి వేరే ఎక్కణ్ణుంచో రాదు, మన పల్నాడు నుంచి, తాడిపత్రి నుంచి, తాండూరు నుంచి, మేళ్లచెరువు నుంచే తవ్వాలి. ఆ ఊళ్లలో ఇళ్ల మీద, చేల మీద దుమ్ము ఎలా పడుతుందో అక్కడివాళ్లకి తెలుసు.

కొత్త బిల్డింగ్ కరెంటు తక్కువ తాగుతుంది కదా, గ్రీన్ రేటింగ్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ ఆ పొదుపుతో కట్టేటప్పుడు అయిన నష్టం పూడటానికి ఏళ్లు పడుతుంది. అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ వాళ్లు లెక్క కడితే, బాగా ఆదా చేసే కొత్త బిల్డింగ్ కి కూడా 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని తేలింది, బిల్డింగ్ రకాన్ని బట్టి, ఊరిని బట్టి. మన వాతావరణంలో అంకె వేరుగా ఉండొచ్చు, లెక్క నడిచే తీరు మాత్రం ఇదే. పాత బిల్డింగ్ ని కూడా కరెంటు ఆదా చేసేలా మార్చొచ్చు అనటానికి అమెరికాలోనే మంచి ఉదాహరణ ఉంది. కనెటికట్ లో న్యూ హేవెన్ ఊళ్లో, ఐ-95 హైవే పక్కన, న్యూజెర్సీ నుంచి బోస్టన్ కి కార్లో వెళ్లే మనవాళ్లు ఆ బిల్డింగ్ చూసే ఉంటారు. మార్సెల్ బ్రాయర్ డిజైన్, ఒక రబ్బర్ కంపెనీ ఆఫీస్ కోసం 1970లో కట్టారు, ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది, వెనక భాగం కొంత కూల్చేశారు కూడా. దాన్ని 2022లో 165 గదుల హోటల్ గా మార్చి తెరిచారు, గ్యాస్ కనెక్షన్ లేదు, అంతా కరెంటే, పార్కింగ్ మీదా పైకప్పు మీదా సోలార్ ప్యానెళ్లు, కిటికీలకి మూడు పొరల అద్దాలు. అక్కడ ఆఫీసు హోటల్ అయింది, మనకి హోటల్ హాస్టల్ కావాలి, దిక్కు తిరగేసినా చేసే పని ఒకటే.

మన పాత హోటళ్లకి ఇంకో మంచి గుణం ఉంది. అవి ఏసీ ఖరీదైన రోజుల్లో కట్టినవి. కాబట్టి కిటికీ మీద లోతైన సన్‌షేడ్, ముందు బాల్కనీ, పడమర వైపు జాలీ, మెట్ల దగ్గర గాలి ఆడే ఖాళీ, ఇవన్నీ ఉంటాయి. ఇప్పుడు కట్టే గాజు బిల్డింగులకి పొద్దున్నుంచి రాత్రిదాకా ఏసీ వేయకపోతే లోపల కూర్చోలేం. తర్వాతి కాలంలో ఎవరో బాల్కనీలు మూసేసి, జాలీల మీద ఏసీపీ షీట్లు, అంటే అల్యూమినియం పలకలు, కొట్టి పాడుచేసి ఉంటే ముందు అవి విప్పేయటమే మొదటి పని. పాత సెంట్రల్ ఏసీ ప్లాంటు మాత్రం తీసేయాల్సిందే, దాని గ్యాస్ ఓజోన్ కి చేటు, పైపుల చుట్టూ చుట్టిన పాత లైనింగ్ లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది తెలిసినవాళ్లే జాగ్రత్తగా విప్పాలి, కూలీల చేత చేతుల్తో పీకించకూడదు.

ఇక అందరూ అనే మాట, "పెచ్చులూడిపోతున్నాయండీ, ఎప్పుడు కూలుతుందో". దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. విజయవాడలో ఒక పాత లాడ్జి చూడటానికి వెళ్లాం, కారిడార్ సీలింగ్ లో పెచ్చులూడి రాడ్లు ఎర్రగా కనపడుతున్నాయి, ఓనర్ గారు కూల్చేద్దామని అప్పటికే డిసైడైపోయారు. మేం ఏం చేస్తామంటే పిల్లర్ మీద ప్లాస్టరింగ్ కొట్టేసి, లోపలి కాంక్రీట్ ని ఉలితో రాడ్ దాకా చెక్కి, దుమ్ము ఊదేసి, దాని మీద ఫినాఫ్తలీన్ ద్రావణం స్ప్రే చేస్తాం. మంచి కాంక్రీట్ అయితే క్షణాల్లో ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగి క్షారం పోయిన మేరకి మాత్రం రంగు రాదు, తెల్లగా అలాగే ఉంటుంది. ఆ తెల్ల అంచు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో స్కేలు పెట్టి కొలుస్తాం. అది రాడ్ ని దాటి పోతే రాడ్ తుప్పు పట్టటానికి దారి తెరుచుకున్నట్టు, ఇంకా రాడ్ దాకా రాకపోతే ఆ పిల్లర్ కి ఆయుష్షు ఉన్నట్టు. ఆ లాడ్జిలో పిల్లర్ల మీద రాడ్ కంటే ముందే గులాబీ రంగు నిక్షేపంగా వచ్చేసింది. పాడైందంతా బాత్రూంల కింద స్లాబులే, ఏళ్ల తరబడి నేల మీద నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గర నీళ్లు కారి కారి అలా అయింది. ఇలాంటివి చెడిన కాంక్రీట్ కొట్టేసి, రాడ్లు శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి, సన్న కంకరతో చేసే మైక్రో కాంక్రీట్ తో బాగుచేయొచ్చు, పిల్లర్ బలహీనంగా ఉంటే చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీట్ తొడిగి జాకెటింగ్ చేయొచ్చు. పాత కాంక్రీట్ బిల్డింగులకి భూకంపం లెక్క చూసి బలపరచటం ఎలాగో చెప్పే కోడ్ కూడా ఉంది, ఐఎస్ 15988, 2013లోనే వచ్చింది.

అన్నీ బతుకుతాయని అనను. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న బిల్డింగుల్లో ఉప్పు గాలి లోపలికి దిగి, రాడ్ సైజు సగానికి తగ్గిపోయినవి చూశాను, అలాంటివి దించేయటమే మంచిది. ఫైర్ విషయంలో అస్సలు రాజీ పడకూడదు. 2022 సెప్టెంబర్ లో సికింద్రాబాద్ లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ లో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు, పొగ మెట్ల దారిలోంచే పైకి వెళ్లింది. పాత హోటల్ ని హాస్టల్ చేస్తే రెండో మెట్ల దారి ఉండాలి, పొగ ఆపే తలుపులు ఉండాలి, స్ప్రింక్లర్లు ఉండాలి, సెల్లార్ లో బ్యాటరీలు, గ్యాస్ ఏవీ పెట్టకూడదు. బయటి గోడకి ఆనించి ఇనప మెట్లు కట్టటం పెద్ద ఖర్చేం కాదు, స్థలం ఎలాగూ ఉంటుంది.

మరి ఇంత సులువైతే ఎవరూ ఎందుకు చేయట్లేదు అంటే, ఒక్కటే కారణం, భూమి రేటు. హైదరాబాద్ లో 2006 నాటి జీవో 86 తర్వాత ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలనే హద్దు, లేదు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు చూసుకుని ఎంత ఎత్తైనా లేపుకోవచ్చు. ఐదంతస్తుల హోటల్ ఉన్న చోట ముప్ఫై అంతస్తులకి పర్మిషన్ వస్తుందంటే ఓనర్ ని తప్పుపట్టలేం, ఎవరి లెక్క వాళ్లది. అందుకే ఆ లెక్కనే మార్చాలి. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి టీడీఆర్, అంటే అదనంగా కట్టుకునే హక్కు, ఇస్తున్నారు కదా, బాగున్న పాత బిల్డింగ్ ని ఉంచి హాస్టల్ గానో, ఆస్పత్రికి పేషెంట్లతో వచ్చినవాళ్ల వసతిగానో మార్చినవాళ్లకి కూడా అది ఇవ్వండి, వాళ్లు ఆ హక్కుని వేరే చోట అమ్ముకుంటారు. బిల్డింగ్ వాడకం మార్చుకోవటానికి కట్టించుకునే ఛేంజ్ ఆఫ్ యూజ్ ఫీజు తీసేయండి. 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడానికి ఎలాగూ పర్యావరణ అనుమతి కావాలి, ఆ అప్లికేషన్ లోనే కూల్చబోయే బిల్డింగ్ లో ఎంత సిమెంట్, ఎంత స్టీలు ఉంది, ఎందుకు వాడుకోలేకపోతున్నారు అని రాయమనండి. శిథిలాలు రీసైకిల్ చేస్తున్నాం కదా అంటారు, జీడిమెట్లలో 2020లో రోజుకి 500 టన్నుల ప్లాంట్ పెట్టారు, చాలా మంచి పని, కానీ అక్కడ వచ్చేది కంకర, ఇసుక, పేవర్ బ్లాకులు, ఆ ముక్కల్లోంచి సిమెంట్ ని వెనక్కి తీయలేం.

హెరిటేజ్ చట్టం కాపాడుతుందని ఆశ పెట్టుకోవటం దండగ. హాల్ ఆఫ్ నేషన్స్ సంగతే చూడండి, 1972లో కట్టింది, ప్రపంచమంతా మెచ్చుకున్న బిల్డింగ్, 60 ఏళ్లు నిండలేదు కాబట్టి హెరిటేజ్ కింద రాదు అన్నారు, 2017 ఏప్రిల్ లో రాత్రికి రాత్రి కూల్చేశారు. టోక్యోలో 1962 నాటి ఒకురా హోటల్ ని కూడా ఎంతమంది వద్దన్నా 2015లో కూల్చారు, తర్వాత 2019లో కొత్త టవర్ లో పాత లాబీని మళ్లీ అలాగే చేసి పెట్టుకున్నారు. మన దగ్గర హెరిటేజ్ అంటే నిజాం కాలం, రాజుల కాలం అనే లెక్క, గాంధీనగర్ లాడ్జి ఏ లిస్టులోకీ రాదు, రావాల్సిన అవసరం కూడా లేదనుకుంటా. అందంగా ఉందా, చరిత్ర ఉందా అని కాకుండా పనికొస్తుందా అని అడిగితే చాలు.

ప్రభుత్వాల్ని నేను అడిగేది ఒక్కటే. మూడంతస్తులు దాటిన ఏ హోటల్ ని అయినా కూల్చటానికి పర్మిషన్ ఇచ్చే ముందు, ఓనర్ తో సంబంధం లేని ఇంజనీర్ చేత కోర్ టెస్ట్ (కాంక్రీట్ ముక్క తీసి బలం చూసేది), కార్బనేషన్ టెస్ట్ (పైన చెప్పిన గులాబీ రంగు పరీక్ష) చేయించిన ఆడిట్ రిపోర్ట్ తీసుకోండి, దాంతో పాటు వేరే పనికి మార్చితే ఎంతవుతుందో ఒక అంచనా కూడా, ఆ రెండూ జనం చూసుకునేలా ఆన్‌లైన్ లో పెట్టండి. నెల రోజుల పని, ఖర్చు కూడా కొత్త టవర్ బ్రోచర్లకి అయ్యేదానికంటే తక్కువే. మీ పేపర్ ని అడిగేది కూడా ఒకటుంది, సిటీ పేజీలో ఈసారి ఏదైనా పాత హోటల్ కూల్చివేత వార్త వచ్చినప్పుడు, ఆ బిల్డింగ్ కి ఆడిట్ అయిందా, రిపోర్ట్ ఎక్కడుంది అని మీ రిపోర్టర్ చేత మున్సిపల్ ఆఫీసులో అడిగించి, వాళ్లు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు వేయండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్,
హైదరాబాద్